మూల మీద నిలబడ్డ కాలు

మిర్యాలగూడ దాటాక, కోదాడ రోడ్డు మీద
ఊక వాసన మొదలయ్యే చోట
లక్షా పదివేల అడుగుల గోదాం.
నా పని దాని నేల.

గోడల్ని అందరూ చూస్తారు, రేకులకు ఏ రంగని అడుగుతారు.
నేల గురించి ఓనరు కరుణాకర్ అడిగింది ఒక్కటే:
"ఆరంగుళాలు సాలదా సారూ? మా నాయిన మిల్లుకు నాలుగే పోసిండు."

ఆయన నాయిన కాలంలో బస్తాలు పడుకునేవి.
ఒకదాని మీద ఒకటి, ఇరవై వరసలు,
బరువును దుప్పటిలా పరిచి పడుకునేవి.
ఇప్పుడు బియ్యం నిలబడుతుంది,
ఇనుప ర్యాకుల్లో, ఐదు అరల ఎత్తున,
ఒక్కో కాలు కింద ఆరున్నర టన్నులు.
కాలి కింది రేకు సర్వపిండంత కూడా ఉండదు.

నల్గొండలో, ప్రకాశం బజారు వెనక అద్దె గదిలో
రాత్రుళ్లు లెక్క చేస్తాను.
పలక నడుమ నిలబడ్డ కాలును
నాలుగు దిక్కులూ తలా ఇంత పట్టుకుంటాయి.
అంచున నిలబడితే సగం దిక్కులే.
మూల మీద నిలబడ్డ కాలు
ఎవరికీ చెప్పుకోలేదు.
అందుకని జాయింట్లను కాళ్లకు దూరంగా జరుపుతాను,
గీత చెరిపి, గీత గీసి.
టీ మీద మీగడ కడుతుంది.
ఎనిమిదిన్నర అంగుళాలు. అంతకు దిగదు.

కింద మట్టిని మాత్రం
ఒక్క అంకెగా రాస్తాను,
రెండున్నర ఎకరాలదీ ఒకటే మనసన్నట్టు.

జానయ్య ఆ అంకెను నమ్మలేదు.
ముప్పై రెండేళ్ల హమాలీ, నడుం పూసలు అరిగి
ఇప్పుడు సైటు కావలి.
రోలరు తిరిగి తిరిగి అద్దం చేసిన మొరం మీద
చెప్పులిడిచి నడిచాడు.
ఒకచోట ఆగి, మడమతో రెండుసార్లు తట్టి
"ఈడ భూమి అబద్ధమాడుతుంది" అన్నాడు.

రిపోర్టు చూపించాను. దాని వంక చూడలేదు.
"డెబ్బయ్యైదు కిలోలు మెడ మీదుంటే
కండ్ల ముంగట ఏం కనబడది సారూ.
కాలే సూడాలె."

ప్లేటు టెస్టు అక్కడే పెట్టించాను,
నాకు నిద్ర పట్టాలిగా.
జాకీ ఎక్కుతుంటే డయల్ ముల్లు కదిలింది,
ఆగలేదు.
తవ్వితే మూడడుగుల కింద
ఊక కాల్చిన నల్ల బూడిద.
ఎప్పుడో ఏ మిల్లువాడో పారబోసి
మట్టి కప్పి మరిచిపోయిన గుట్ట.
గుప్పెడు తీస్తే చేతిలో ఏమీ లేనట్టే ఉంది.
ఒకటే గింజ. పైన నిలబడబోయేది బియ్యం,
కింద కాచుకుని ఉన్నది దాని పొట్టు.

నలభై లారీల మొరం పట్టింది.
కరుణాకర్ వారం రోజులు ఫోనెత్తలేదు.

వైశాఖం ఎండకు జడిసి రాత్రి పోశాం.
బిహారు కుర్రాళ్లు మోకాళ్లకు గోనెలు చుట్టుకుని
లైట్ల కింద నునుపు చేశారు.
పలకకూ పలకకూ నడుమ ఇనుప కడ్డీలు, సగానికి గ్రీజు.
"అదెందుకు?" అన్నాడు జానయ్య.
బరువొస్తే ఇద్దరూ పంచుకోవాలి,
ఎండొస్తే ఎవరి కదలిక వాళ్లకుండాలి.
"మా యూనియన్ గూడ గట్లనే ఉండె."
నవ్వాడో లేదో చీకట్లో తెలియలేదు.

తెల్లారకముందే కోత మిషను దించాం.
ఆలస్యమైతే ఎక్కడ చీలాలో
కాంక్రీటే నిర్ణయించుకుంటుంది.
వెనకే పుల్లమ్మ తడి గోనెపట్టాలు పరుచుకుంటూ వచ్చింది,
వాటి మీద పాత మిల్లు పేరు సగం కనిపిస్తోంది.

ఇరవై ఎనిమిది రోజులకు జానయ్య అడిగాడు:
"ఈడ ఎంతమంది హమాలీలు పడ్తరు?"
నా డ్రాయింగులో ప్రతి బరువుకూ ఒక గడి ఉంది.
చక్రానికి, కాలికి, ఎక్కడో ఆగి ఉండే లారీకి కూడా.
"నాలుగు ఫోర్కులిఫ్టులు" అన్నాను.
వేళ్ల మీద ఏదో లెక్కేసి
వేళ్లు ముడుచుకున్నాడు.

మళ్లీ చెప్పులు విడిచి కొత్త నేల మీద నడిచాడు.
"సల్లగున్నది."
అతను ఆగింది ఏడో పలక మూల మీద.
ఆ పాదం పక్కనే వెంట్రుకంత చీలిక.
నిన్న నేను చూశాను.
ఇంకా ఎవరికీ చెప్పలేదు.